షల్, విల్: మాటలో ఏది, కాగితం మీద ఏది

హైస్కూలు ఇంగ్లీషు వ్యాకరణంలో ఒక చిన్న పట్టిక ఉండేది. 'ఐ', 'వుయ్' పక్కన 'షల్' రాయాలనీ, మిగిలిన సర్వనామాల పక్కన 'విల్' రాయాలనీ, నిశ్చయాన్నో ఆజ్ఞనో చెప్పేటప్పుడు ఈ వరుస తారుమారవుతుందనీ దాని సారాంశం. ఆ పట్టికను బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు ఉద్యోగాలలో చేరాక, అద్దె ఒప్పందంలో 'ద టెనెంట్ షల్ పే' అనీ, నియామక పత్రంలో 'యు షల్ నాట్ డిస్‌క్లోజ్' అనీ చూసి, అక్కడ 'షల్' ఎలా వచ్చిందని తికమకపడతారు. మరికొందరు 'షల్' అంటే కోటు తొడుక్కున్న 'విల్' అనుకుని, ఈమెయిల్‌కు కాస్త బరువు రావాలనిపించిన చోటల్లా దాన్ని తగిలిస్తారు. ఈ రెండు అవగాహనలూ నేటి ఇంగ్లీషుకు సరిపోవు.

వాక్యంలో కర్త 'నేను'నా, 'నీవు'నా అన్నది చూసి ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవద్దు. ఆ వాక్యం ఎవరి మీదైనా బాధ్యత మోపుతోందా లేదా అన్నది చూడండి. మోపుతుంటే, అది నలుగురినీ కట్టిపడేసే కాగితమైతే, 'షల్' ఆలోచించదగిన మాట. మోపకపోతే దాదాపు ప్రతిచోటా 'విల్' చాలు. సంభాషణలో 'షల్'కు మిగిలిన చోటు చాలా చిన్నది, కాని ఆ చిన్న చోటులో దాని బదులు 'విల్' వాడితే అర్థమే మారిపోతుంది. అందుకే రెండు చోట్లనూ విడివిడిగా చూడవలసి ఉంటుంది.

ఈ తేడా మాటల పుట్టుకలోనే ఉంది. పాత ఇంగ్లీషులో 'షల్'కు మూలమైన క్రియకు బాకీపడి ఉండడం అని అర్థం. 'విల్'కు మూలమైన క్రియకు కోరుకోవడం అని అర్థం. జర్మన్‌లో అప్పుకూ అపరాధానికీ కలిపి వాడే 'షుల్ట్' అనే మాట మొదటిదానికి దగ్గరి చుట్టం. రెండోదాని ఆనవాలు మన వాడుకలోనే ఉంది: తన తరువాత ఆస్తి ఎవరికి చెందాలని కోరుకుంటున్నదీ రాసిపెట్టే కాగితాన్ని మనం 'విల్లు' అంటాం, ఆ మాట ఈ కోరిక నుంచి వచ్చినదే. ఇలా ఒకటి రుణం నుంచీ మరొకటి ఇచ్ఛ నుంచీ బయలుదేరి, కాలక్రమంలో రెండూ భవిష్యత్తును చెప్పే పనికి కుదురుకున్నాయి. పని ఒకటే అయినా పాత వాసన పోలేదు. చట్టాలలో 'షల్' ఇప్పటికీ బాకీ వసూలు చేసే గొంతుతోనే మాట్లాడుతుంది.

మరి ఆ పట్టిక ఎక్కడిది? 1653లో జాన్ వాలిస్ అనే ఇంగ్లీషు గణితవేత్త లాటిన్ భాషలో ఒక ఇంగ్లీషు వ్యాకరణం ప్రచురించాడు. ఉత్తమ పురుషలో 'షల్' ఊరికే జరగబోయేది చెబుతుందనీ, 'విల్' మాట ఇవ్వడమో బెదిరించడమో చేస్తుందనీ, మధ్యమ, ప్రథమ పురుషలలో ఇది సరిగ్గా తలకిందులవుతుందనీ అందులో రాశాడు. తరువాతి వ్యాకరణవేత్తలు దాన్ని అందిపుచ్చుకున్నారు, వాళ్ళ పుస్తకాల నుంచి అది మన బడులకు చేరింది. ఈ నియమాన్ని సమర్థించడానికి ఒక పాత వేళాకోళపు కథ కూడా తిరిగేది. నీళ్ళలో పడిన ఒక ఐర్లండు మనిషి 'ఐ విల్ డ్రౌన్, నోబడీ షల్ సేవ్ మి' అని అరిచాడట. నియమం ప్రకారం ఆ మాటలకు 'నేను మునిగే తీరతాను, నన్నెవరూ కాపాడడానికి వీల్లేదు' అని అర్థం వస్తుంది కాబట్టి, ఒడ్డున ఉన్న ఇంగ్లీషు వాళ్ళు అతని కోరికను మన్నించి ఊరుకున్నారట. ఈ కథ రుజువు చేసేది వేరు. ఐర్లండులోనూ స్కాట్లండులోనూ ఆ నియమం ఎన్నడూ నడవలేదు. 1925లో అమెరికన్ భాషావేత్త చార్లెస్ ఫ్రైజ్ ఇంగ్లీషు నాటకాలలోని సంభాషణలను తీసుకుని లెక్క కట్టి, నిజమైన వాడుక ఈ నియమానికి అనుగుణంగా లేదని చూపించాడు.

పెద్దల ఉపన్యాసాలు కూడా పట్టికను లెక్కచేయలేదు. 1940 జూన్ 4న బ్రిటన్ పార్లమెంటులో చర్చిల్ 'వుయ్ షల్ ఫైట్ ఆన్ ద బీచెస్' అన్నప్పుడు, పట్టిక ప్రకారమైతే అది సముద్రతీరాలలో యుద్ధం జరగబోతోందన్న సమాచారం మాత్రమే అవుతుంది. 1942 మార్చిలో ఫిలిప్పీన్స్ విడిచి ఆస్ట్రేలియా చేరిన జనరల్ మెకార్థర్ 'ఐ షల్ రిటర్న్' అన్నప్పుడు, అది ప్రయాణ కార్యక్రమం చెప్పినట్టు ఉండాలి. విన్నవాళ్ళకు ఆ రెండూ శపథాలుగానే వినిపించాయి. కాబట్టి ఆ పట్టికను పరీక్షల దాకా ఉంచుకోండి, అంతకు మించి దాని మీద భారం వేయవద్దు.

మాట్లాడేటప్పుడు

సంభాషణలో జరగబోయేదాన్ని చెప్పడానికి కర్త ఎవరైనా 'విల్' వాడండి. నిజానికి మాటలో ఎక్కువగా వినిపించేది 'ఐల్', 'వుయ్‌ల్' అనే కుదించిన రూపమే కాబట్టి, లోపల ఉన్నది 'షల్'నా 'విల్'నా అనే ప్రశ్నే అక్కడ తలెత్తదు. 'షల్ నాట్'ను కుదించిన 'షాంట్' అనే రూపం బ్రిటన్‌లో కొంత మిగిలి ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు దాన్ని వాడితే ఎదుటివాళ్ళు పాతకాలపు నాటకం చూసినట్టు చూస్తారు.

'షల్' తప్పనిసరిగా కావలసిన చోటు ప్రశ్న, అందులోనూ 'షల్ ఐ', 'షల్ వుయ్' అనే రెండు ప్రశ్నలు. తెలుగువాళ్ళకు ఇది నిజానికి చాలా సుళువు కావాలి, ఎందుకంటే ఇదే పని చేసే రూపం మన క్రియలలోనే ఉంది. 'కాఫీ పెట్టనా?' అన్నది 'షల్ ఐ మేక్ కాఫీ?'. 'బయల్దేరదామా?' అన్నది 'షల్ వుయ్ స్టార్ట్?'. ఈ వాక్యాలలో మనం జరగబోయేదాని గురించి అడగడం లేదు, ఎదుటివారి ఇష్టాన్ని అడుగుతున్నాం. మనవాళ్ళలో చాలామంది ఇక్కడ 'ఐ విల్ మేక్ కాఫీ?' అని వాక్యం చివర గొంతు లేపుతారు, లేదా 'కెన్ ఐ మేక్ కాఫీ?' అంటారు. మొదటిది ప్రకటనలా వినిపిస్తుంది, రెండోది మీ వంటింట్లోకి రావడానికి అనుమతి అడిగినట్టు ఉంటుంది.

ఒకే ప్రశ్నలో రెండు మాటలనూ మార్చి చూస్తే తేడా మరింత తేటపడుతుంది. 'విల్ ఐ గెట్ ద వీసా?' అంటే 'నాకు వీసా వస్తుందంటారా?' అని. ఎదుటివారు జాతకం చెప్పాలి. 'షల్ ఐ గెట్ ద వీసా?' అంటే 'నేను వెళ్ళి వీసా తెచ్చుకోనా?' అని. ఎదుటివారు సరేననాలి, లేదా వద్దనాలి. తెలుగులో చివర '-నా', '-దామా' వచ్చే ప్రశ్నలకు 'షల్', '-తానా', '-తామా' వచ్చే ప్రశ్నలకు 'విల్' అని గుర్తుపెట్టుకుంటే, ఈ ఒక్క సూత్రం బడి పట్టిక మొత్తం కన్నా ఎక్కువ పనిచేస్తుంది. స్కాట్లండు, ఐర్లండు వాళ్ళు 'కిటికీ తీయనా?' అన్న అర్థంలోనే 'విల్ ఐ ఓపెన్ ద విండో?' అంటారు. డబ్లిన్‌లో ఉద్యోగం చేసే వారికి అది రోజూ వినబడుతుంది. అది వారి ప్రాంతపు వాడుక, తప్పు కాదు. ఇంకెక్కడైనా అనుకరిస్తే మాత్రం అయోమయం కలుగుతుంది.

'షల్ యు' అనే ప్రశ్న నేటి వాడుకలో లేదనే అనుకోవచ్చు. ఎదుటివారిని ఏదైనా చేయమని అడగాలంటే 'విల్ యు', ఇంకా మెత్తగా అడగాలంటే 'వుడ్ యు' వాడాలి. 'విల్ యు' అన్నది పెద్దల విషయంలో ఒక్కోసారి మొరటుగా వినబడుతుంది. మన 'చేస్తారా' అన్న మాటలో బహువచనం తెచ్చే మర్యాద ఇంగ్లీషు 'విల్'కు రాదు కాబట్టి, ఆ మర్యాదను 'వుడ్' మీద, 'ప్లీజ్' మీద వేయాలి.

'విల్' భవిష్యత్తును మాత్రమే చెబుతుందనుకోవడం కూడా పొరపాటే. 'ద స్కూటర్ వోంట్ స్టార్ట్' అంటే స్కూటరు ఇప్పుడు మొరాయిస్తోందని. తలుపు చప్పుడైనప్పుడు 'దట్ విల్ బి ద మిల్క్‌మన్' అంటే పాలవాడే అయి ఉంటాడని. 'హి విల్ సిట్ దేర్ ఫర్ అవర్స్' అంటే గంటల తరబడి అక్కడే కూర్చుంటాడని, అది అతని అలవాటని. మొదటిదానిలో పాత 'కోరిక' అర్థమే స్కూటరుకు అంటుకుంది. చివరిదానిలో మన 'కూర్చుంటాడు' చేసే పనే 'విల్' చేస్తోంది, అలవాటుకూ రేపటికీ మనకు క్రియారూపం ఒకటే గదా. ఈ మూడు చోట్లా 'షల్' పొసగదు.

రెండూ పనికిరాని చోటు ఒకటుంది. 'మీరు వస్తే చెబుతాను', 'హైదరాబాదు చేరగానే ఫోన్ చేస్తాను' వంటి వాక్యాలలో 'ఇఫ్', 'వెన్' తరువాత వచ్చే భాగంలో 'విల్' గాని 'షల్' గాని రాయకూడదు. 'వెన్ ఐ రీచ్ హైదరాబాద్, ఐ విల్ కాల్ యు' అన్నది సరైన వాక్యం. 'వెన్ ఐ విల్ రీచ్' అన్నది మన దేశమంతటా వినిపించే తప్పు.

ఉత్తరాల విషయం రెండు మాటల్లో తేల్చవచ్చు. సెలవు చీటీల చివర రాసే 'ఐ షల్ బి గ్రేట్‌ఫుల్' తప్పేమీ కాదు, బ్రిటిష్ కార్యాలయాల నుంచి మనకు సంక్రమించిన మర్యాద. 'ఐ విల్ బి గ్రేట్‌ఫుల్' అన్నా అంతే మర్యాద ఉంటుంది. అమెరికాలోని క్లయింటుకు రాసే మెయిల్‌లో మాత్రం 'వుయ్ షల్ రివర్ట్' వంటివి మానుకోండి. అందులో 'షల్' కాగితపు ఒప్పందాన్ని గుర్తుచేస్తుంది, 'రివర్ట్'ను వాళ్ళు మనం అనుకునే 'జవాబిస్తాం' అన్న అర్థంలో వాడరు.

కట్టుబడే కాగితాలలో

'షల్' నిజంగా బతికి ఉన్నది ఇక్కడే, నష్టం జరిగేదీ ఇక్కడే. తెలుగు శాసన భాషలో దీనికి సాటి 'చెల్లించవలెను' లోని '-వలెను'. 'మే'కు సాటి '-వచ్చును'. 'విల్'కు శాసన భాషలో ప్రత్యేక స్థానం లేదు, అది రాబోయే స్థితిని చెబుతుంది.

మన పట్టణాలలో చేతులు మారే 11 నెలల అద్దె ఒప్పందాన్నే తీసుకుందాం. (ఏడాదికి మించిన లీజుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ 11 నెలల లెక్క అక్కడిది.) జిరాక్సు షాపులలో దొరికే నమూనాలో ప్రతి వాక్యానికీ 'షల్' ఉంటుంది. 'ద టెనెంట్ షల్ పే ద రెంట్ బిఫోర్ ద ఫిఫ్త్ ఆఫ్ ఎవ్రీ మంత్' అన్న వాక్యంలో అది సరిగ్గా కూర్చుంది. అద్దెకున్న మనిషి ఉన్నాడు, అతని మీద బాధ్యత ఉంది, గడువు ఉంది. తరువాతి వాక్యం 'ద రెంట్ షల్ బి ఇంక్రీజ్డ్ బై ఫైవ్ పర్సెంట్' అంటుంది. ఇక్కడ కర్త అద్దె. అద్దెకు బాధ్యత ఏమిటి? ఏడాది తిరగగానే తనంతట తానే పెరుగుతుందా, యజమాని నోటీసు ఇచ్చి పెంచాలా, ఇద్దరూ కూర్చుని ఒప్పుకోవాలా అన్నది ఈ వాక్యం చెప్పదు. 'ద అడ్వాన్స్ షల్ బి రిఫండెడ్' అన్నదీ అంతే. ఎవరు, ఎన్ని రోజులలో వెనక్కి ఇవ్వాలో లేని ఈ వాక్యం, ఇల్లు ఖాళీ చేసే రోజున అద్దెదారుకు ఏమాత్రం అక్కరకు రాదు. 'ద ఓనర్ షల్ రిఫండ్ ద అడ్వాన్స్ వితిన్ తర్టీ డేస్' అని రాస్తే బాధ్యతకు ఒక మనిషీ ఒక గడువూ దొరుకుతాయి.

దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది. 'షల్' ఉన్న చోట మనసులో 'ఫలానా పని చేసే బాధ్యత ఫలానా వారికి ఉంది' అని తెలుగులో చదివి చూడండి. 'అద్దె చెల్లించే బాధ్యత అద్దెదారుకు ఉంది' అన్నది అతుకుతుంది. 'పెరిగే బాధ్యత అద్దెకు ఉంది' అన్నది అతకదు, అక్కడ వాక్యం మార్చాలి. 'పార్కింగు వాడుకునే హక్కు కలిగి ఉండే బాధ్యత' అన్నది నవ్వు తెప్పిస్తుంది, అక్కడ 'షల్ బి ఎన్‌టైటిల్డ్ టు' తీసేసి 'మే' రాస్తే చాలు. నిర్వచనాలలో వచ్చే 'షల్ మీన్' బదులు 'మీన్స్' చాలు. ఒక మాటకు అర్థం ఈ క్షణం నుంచే ఉంటుంది, దానికి బాధ్యతా లేదు, భవిష్యత్తూ లేదు.

ఇదే ఒప్పందంలో అద్దెదారు చేయవలసిన వాటికి 'షల్', యజమాని చేయవలసిన వాటికి 'విల్' వాడిన నమూనాలు కూడా కనిపిస్తాయి. 'ద ఓనర్ విల్ గెట్ ద హౌస్ పెయింటెడ్' అన్న వాక్యం రంగులు వేయిస్తానన్న మాటేనని సాధారణంగా ఎవరైనా ఒప్పుకుంటారు, 'విల్' అన్నంత మాత్రాన ఆ మాట తేలిపోదు. కాని ఒకే కాగితంలో రెండు వేర్వేరు పదాలు వాడినప్పుడు రెండింటికీ వేర్వేరు అర్థాలు ఉద్దేశించారని వాదించే వీలు ఎదుటి వకీలుకు దొరుకుతుంది. ఆ వీలు ఇవ్వడం ఎందుకు? బాధ్యతకు ఒకే మాట ఎంచుకుని, ఇద్దరి విషయంలోనూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే వాడండి.

ఉద్యోగ నియామక పత్రాలు దీనికి భిన్నం, వాటిలో రెండు మాటలకూ న్యాయమైన చోటు ఉంది. 'యు విల్ బి ఆన్ ప్రొబేషన్ ఫర్ సిక్స్ మంత్స్' అన్నది మీ స్థితిని చెబుతుంది. 'యు షల్ నాట్ డిస్‌క్లోజ్' అన్నది మీ మీద నిషేధం పెడుతుంది. 'యు మే బి ట్రాన్స్‌ఫర్డ్' అన్నది కంపెనీకి హక్కు ఇస్తుంది. సంతకం పెట్టేముందు 'షల్' ఉన్న వాక్యాలను గీత గీసి చదివితే, మీ బాధ్యతలేమిటో ఆ పత్రమే చెప్పేస్తుంది. 'విల్' దగ్గర మాత్రం ఒక జాగ్రత్త కావాలి. 'యు విల్ బి పెయిడ్ ఎ బోనస్' అన్నదానికీ 'యు విల్ బి ఎలిజిబుల్ ఫర్ ఎ బోనస్' అన్నదానికీ మధ్య ఉన్న దూరం, 'విల్', 'షల్'ల మధ్య ఉన్న దూరం కన్నా చాలా ఎక్కువ. రెండో వాక్యం అర్హతను మాత్రమే ఇస్తుంది, డబ్బు ఇస్తాననడం లేదు.

'షల్' ఉంటే చాలా?

చాలదు. చట్టాలు చదివేవారు, పిటిషన్లు రాసేవారు, ఒప్పందాలు తయారుచేసేవారు దీన్ని మొదట గ్రహించాలి. మన రాజ్యాంగం మొదటి అధికరణంలోనే 'షల్' ఉంది, ఇండియా రాష్ట్రాల యూనియన్‌గా ఉంటుందని చెప్పే చోట. అది ఆజ్ఞ కాదు, స్థాపన. తెలుగులో అక్కడ 'ఉండును' సరిపోతుంది, 'ఉండవలెను' అతకదు. ఆదేశిక సూత్రాలలో రాజ్యం ఇది చేయాలి, అది చేయాలి అంటూ వరుసగా 'షల్'లు ఉన్నాయి, కాని వాటిని కోర్టుల ద్వారా అమలు చేయించలేమని 37వ అధికరణం ముందే చెప్పింది. అదే మాట ఇంకోచోట రాష్ట్రపతి చేతులు కట్టేసింది. 74వ అధికరణం మొదటి రూపంలో రాష్ట్రపతికి సాయపడడానికీ సలహా ఇవ్వడానికీ మంత్రిమండలి ఉంటుందని మాత్రమే ఉండేది. ఆ సలహా ప్రకారం రాష్ట్రపతి నడచుకోవలెనన్న 'షల్'ను 1976లో 42వ సవరణ చేర్చింది. 1978లో 44వ సవరణ, సలహాను మరోసారి పరిశీలించమని రాష్ట్రపతి కోరవచ్చునంటూ ఒక 'మే'నూ, పునఃపరిశీలన తరువాత వచ్చిన సలహా ప్రకారం నడచుకోవలెనంటూ మరో 'షల్'నూ పక్కనే పెట్టింది. దేశాధినేత అధికారం ఎంత అన్నది ఆ మూడు చిన్న మాటల అమరికలో ఉంది.

కోర్టులు 'షల్'ను రెండు రకాలుగా చదువుతాయి: తప్పితే పని చెల్లదనే కచ్చితమైన ఆజ్ఞగా, లేదా పాటించవలసినదే అయినా తప్పినంత మాత్రాన అంతా కూలిపోని మార్గదర్శకంగా. సివిల్ దావాలు నడిచే పద్ధతిని చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ 8వ ఆర్డరు 1వ రూలు ప్రకారం, సమన్లు అందిన 30 రోజులలో ప్రతివాది లిఖితపూర్వక జవాబు దాఖలు చేయాలి, కోర్టు దాన్ని 90 రోజుల దాకా పొడిగించవచ్చు. అక్కడ ఉన్నది 'షల్' అనే మాటే. అయినా 2005లో కైలాష్ వర్సెస్ నన్హకూ కేసులో సుప్రీంకోర్టు దాన్ని మార్గదర్శకంగానే చదివింది, అసాధారణ పరిస్థితులలో 90 రోజులు దాటాక కూడా జవాబు తీసుకోవచ్చునంది. తరువాత 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టం, వాణిజ్య దావాలకు ఇదే రూలును తిరగరాసింది. 120 రోజులు దాటితే ప్రతివాది జవాబు ఇచ్చే హక్కు కోల్పోతాడనీ, కోర్టు దాన్ని రికార్డులోకి తీసుకోకూడదనీ అందులో చేర్చారు. 2019లో ఒక వాణిజ్య వివాదంలో సుప్రీంకోర్టు ఈ గడువు దాటడానికి వీల్లేదని తేల్చింది. రెండు చోట్లా 'షల్' ఉంది. రెండోచోట గడువు తప్పితే ఏమవుతుందో కూడా రాసి ఉంది.

సమాచార హక్కు చట్టం కూడా ఇదే నేర్పుతుంది. దరఖాస్తు అందిన 30 రోజులలోపు సమాచారం ఇవ్వాలనో తిరస్కరించాలనో చెప్పే 7వ సెక్షన్‌లో 'షల్' ఉంది. దానికి కోరలు ఇచ్చేది 20వ సెక్షన్: తగిన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలు మించకుండా జరిమానా. మీ ఒప్పందంలోనూ ఒక బాధ్యత మీకు నిజంగా ముఖ్యమైతే, 'షల్' రాసి ఊరుకోవద్దు. గడువు రాయండి, గడువు తప్పితే వడ్డీయా, రద్దా, నష్టపరిహారమా అన్నది దాని వెంటనే రాయండి. మాట ఎంపిక మీద జరిగే చర్చలో సగం శ్రద్ధ ఈ తరువాతి వాక్యం మీద పెడితే తగాదాలు చాలా తగ్గుతాయని నా నమ్మకం.

ఇంజినీర్ల కాగితాలు

న్యాయవాదులకన్నా ఇంజినీర్లు ఈ విషయంలో క్రమశిక్షణ పాటిస్తారు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ నియమాల ప్రకారం 'షల్' అంటే తప్పనిసరి అవసరం, 'షుడ్' అంటే సిఫారసు, 'మే' అంటే అనుమతి, 'కెన్' అంటే సాధ్యత. 'షల్' బదులు 'మస్ట్' రాయవద్దని కూడా ఆ నియమాలు చెబుతాయి. నాసా పత్రాలలో అవసరాలకు 'షల్', వాస్తవాలకూ ఉద్దేశాలకూ 'విల్', లక్ష్యాలకు 'షుడ్'. మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 కూడా ఈ దారిలోనే నడుస్తుంది: స్తంభంలోని నిలువు కడ్డీలను కప్పే కాంక్రీటు పొర (కవరు) 40 మిల్లీమీటర్లకు తగ్గకూడదని చెప్పే చోట 'షల్' ఉంది. సైటులో మేస్త్రీ దాన్ని సలహాగా తీసుకుంటే ఇంజినీరు ఒప్పుకోకూడదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవారికి 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 పత్రం 'మస్ట్', 'షల్' రెండింటినీ సమానం చేసింది. పెద్ద అక్షరాలలో రాసినప్పుడే వాటికి ఈ ప్రత్యేకార్థమని 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 స్పష్టం చేసింది.

హైదరాబాదులో కూర్చుని ఒక అమెరికన్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ అవసరాల పత్రం రాసే వారు మొదట అడగవలసినది 'మీ దగ్గర ఏ పద్ధతి?' అని. ఆ పత్రంలో 'ద సిస్టమ్ షల్ లాక్ ద అకౌంట్' అన్నది పరీక్షించి సంతకం పెట్టవలసిన అంశం. 'ద బ్యాంక్ విల్ ప్రొవైడ్ ద డేటా' అన్నది నాసా పద్ధతిలో కేవలం పరిస్థితిని చెప్పే వాక్యం, మీ బృందం రుజువు చేయవలసినది కాదు. ఈ రెండూ కలగలిపితే టెస్టింగ్ బృందం దేన్ని పరీక్షించాలో తెలియక అన్నింటినీ పరీక్షిస్తుంది, లేదా దేన్నీ పరీక్షించదు.

ఇక 'మస్ట్' సంగతి. సరళ భాషావాదులు 'షల్'ను పూర్తిగా వదిలేసి, బాధ్యతకు 'మస్ట్' వాడమంటున్నారు. బ్రిటన్ పార్లమెంటు బిల్లులు రాసే వారు కూడా ఆ దారి పట్టారు. సామాన్య పాఠకుడికి ఉద్దేశించిన వాటికి, అంటే అపార్టుమెంటు సంఘం నిబంధనలకూ, హాస్టలు నియమాలకూ, యాప్ వాడుకదారులకు ఇచ్చే సూచనలకూ, నేనైతే 'మస్ట్'నే ఎంచుకుంటాను. దాన్ని రేపటి సంగతిగా ఎవరూ పొరబడరు. మన దేశంలో రిజిస్టరు అయ్యే ఒప్పందాలకూ టెండర్లకూ మాత్రం 'షల్' ఉండనివ్వడమే మేలు. మన చట్టాలు, 2023లో వచ్చిన కొత్త నేర చట్టాలతో సహా, ఇంకా 'షల్'తోనే మాట్లాడుతున్నాయి, ఆ మాటను ఎలా చదవాలో చెప్పే తీర్పులు దండిగా ఉన్నాయి.

ఇప్పటికే ఉన్న కాగితాన్ని సవరించే వారికి సలహా వేరుగా ఉంటుంది. అమెరికా ఫెడరల్ కోర్టుల సివిల్ రూల్స్‌ను 2007లో సరళంగా తిరగరాసినప్పుడు 'షల్'ను తీసివేసి, ఎక్కువ చోట్ల 'మస్ట్' పెట్టారు. విచారణ అవసరం లేకుండానే తీర్పు కోరడానికి సంబంధించిన 56వ రూలులో 'షుడ్' పెట్టారు. ఆ 'షుడ్' వల్ల జడ్జీల విచక్షణ పెరిగిందా అన్న చర్చ వచ్చింది, 'మస్ట్' పెడితే అది తగ్గిపోతుందన్న భయం ఇంకోవైపు ఉంది. చివరికి 2010 సవరణలో ఆ ఒక్క రూలులో పాత 'షల్'నే తిరిగి తెచ్చారు. కాబట్టి పాత ఒప్పందానికి అనుబంధం రాస్తుంటే, మూల పత్రంలో బాధ్యతకు ఏ మాట వాడారో చూసి అదే వాడండి. మార్చాలనిపిస్తే పత్రమంతటా ఒకేసారి మార్చి, ఆ మార్పుతో ఎవరి బాధ్యతలూ మారలేదని ఒక వాక్యం చేర్చి, ఇద్దరితోనూ సంతకాలు చేయించండి.